తెలియదని వ్రాసిన వైద్యుడు

బిడ్డ ఒళ్లు కాలిపోవుచున్నప్పుడు తల్లి వైద్యుని అడుగునది ఒక్కటే: ఇది ఏమి జ్వరము? 1961 జనవరిలో టోక్యో నగరమందలి రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో డాక్టరు తొమిసాకు కావసాకీగారికి ఈ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. ఎదుట నున్నవాడు నాలుగేండ్ల బాలుడు. విడువని జ్వరము; కన్నులు ఎఱ్ఱవాఱినవి, పెదవులు పగిలినవి, మెడలో బిళ్లలు కట్టినవి, అరచేతులు, అరికాళ్లు కంది వాచినవి. బాలుడు కోలుకొనెను. ఏ వ్యాధియో మాత్రము తేలలేదు. కావసాకీగారు రోగనిర్ణయమను చోట 'తెలియదు' అని వ్రాసి ఇంటికి పంపిరి. తెలిసిన పేరేదో అంటగట్టి పంపుట అంతకంటె సులభము. లోకములో తరచుగా జరుగునదియు అదే.

మరుసటి యేడు అట్టి బిడ్డయే మరియొకడు వచ్చెను. 1962లో ఏడుగురి వృత్తాంతమును వైద్యుల సభలో చదివినపుడు కొందరు పెద్దలు ఇది క్రొత్త వ్యాధి కాదనిరి. ఆయన ఓపికతో ఒక్కొక్క బిడ్డనే లెక్కకు చేర్చుచు పోయిరి. 1967లో 50 మంది చరిత్ర అచ్చయినది. ఆయన ఓర్పును మెచ్చుకొను మేము ఒక సంగతి దాచరాదు: ఈ జ్వరము తగ్గినపిదప ఏ లోపమును మిగుల్చదని ఆయన నమ్మిరి. 1970లో జపాను దేశమంతట విచారింపగా, కోలుకొన్నారని తలచిన పసివారు పదిమంది గుండె దెబ్బతిని మరణించినట్లు తేలెను.

కంచెయే చేను మేసినట్లు, దేహమును కాపాడవలసిన తెల్ల రక్తకణములే ఈ వ్యాధిలో అదుపు తప్పును. అవి ఉద్రేకించి, గుండెకు నెత్తురు నందించు ధమనుల గోడలలోనికి చొరబడును. మాక్రోఫేజి కణములు, టి కణములు వాటితో చేరును. గోడలోని సాగెడు పొర తెగిపోగా నాళము బుడగవలె ఉబ్బును. ఆ ఉబ్బులో నెత్తురు గడ్డకట్టినచో గుండెకు పోషణ ఆగును. చికిత్స లేనిచో నలుగురైదుగురు బిడ్డలలో ఒకరికి ధమనులు చెడును.

దాతల రక్తమునుండి తీసిన ఇమ్యునోగ్లోబులిను ఈ ఉద్రేకమును అణచునని 1984లో జపాను వైద్యుడు ఫురుషోగారు చూపిరి. 1986లో అమెరికాలో పరీక్షింపగా, ఏడు వారములకు ధమనుల లోపము ఆస్పిరిను మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 18 మందికి, రెండును పుచ్చుకొన్నవారిలో నూటికి నలుగురికే కనబడెను. జ్వరము వచ్చిన పది దినములలోపల ఇచ్చినపుడే ఈ మందు బాగుగా పనిచేయును. అందుచేతనే, అయిదు దినములైనను జ్వరము విడువక కన్నులు, పెదవులు ఎఱ్ఱబడిన బిడ్డను వైద్యులు వెంటనే చూడగోరుదురు.

కావసాకీగారు 2020 జూనులో, తమ 95వ యేట కీర్తిశేషులైరి. కణములను మొదట రెచ్చగొట్టునది ఏదో ఆయన కడవరకు వెదకిరి. అది నేటికిని తేలలేదు.