పుస్తకానికి గొలుసు, బీరువాకు తాళం

చిన్నప్పుడు మా ఇంట్లో సరస్వతీ పూజనాడు పుస్తకాలకు పసుపు కుంకుమలు పెట్టేవారు. ఆ రోజు వాటిని ముట్టుకోకూడదు. చదువుల తల్లి పండగకు చదువే నిషిద్ధం! మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చాలావాటిలో ఈ పూజ ఏడాది పొడుగునా సాగింది. పేరు మాత్రం 'పరిరక్షణ'.

మధ్యయుగపు యూరప్‌లో పుస్తకాలను ఇనుప గొలుసులతో బల్లలకు కట్టేవారు. ఇంగ్లండులోని హెర్‌ఫోర్డ్ కెథెడ్రల్‌లో అవి ఇప్పటికీ ఉన్నాయి. మనం నవ్వుకుంటాం గాని, గొలుసు పుస్తకాన్ని పోనివ్వలేదు, చదవడాన్ని ఆపలేదు. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీ 1645లో సాక్షాత్తు మొదటి చార్లెస్ రాజుకే పుస్తకం అరువివ్వలేదు. రాజైనా అక్కడ కూర్చునే చదువుకోవాలి. తాళం వేసిన బీరువా కన్నా ఆ గొలుసే నయం.

ఈ తాళాలను ప్రశ్నించినవాడు ఎస్.ఆర్.రంగనాథన్. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్ అయ్యాడు. పాఠకులు స్వయంగా అరల దగ్గరకు వెళ్ళి వెతుక్కునే పద్ధతి తెచ్చాడు. 1931లో అచ్చయిన ఆయన పంచ సూత్రాల్లో మొదటిది: పుస్తకాలు ఉపయోగం కోసమే.

మరి తాళాలు ఎందుకు పోలేదు? లైబ్రేరియన్‌కు ఆడిటరంటే భయం. ఇందులో నా పాపమూ ఉంది. రక్షణ శాఖ లెక్కల ఉద్యోగిగా 2008లో ఒక సంస్థ లైబ్రరీలో స్టాకు సరిచూసి, కనబడని పుస్తకాలపై అభ్యంతరం రాశాను. మరుసటేడు వెళితే ఒక్కటీ పోలేదు. బీరువాలన్నిటికీ తాళాలు, ఇష్యూ రిజిస్టరు దాదాపు ఖాళీ. నేను 'సంతృప్తికరం' అని రాసి వచ్చాను.

కాని నిబంధన నాకన్నా తెలివైనది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (2005లోనూ, 2017లోనూ) ప్రకారం, ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, మోసం, నిర్లక్ష్యం లేనంతవరకు, అది సహజమైన తరుగే. అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. వాడకాన్ని బట్టే తరుగు అని నియమమే చెబుతోంది. నేను అభ్యంతరం రాశాను గాని, ఆ లెక్క వేయలేదు.

పోనీ, తాళం పుస్తకాన్నైనా కాపాడుతుందా? పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి చెక్కగుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోయినా అది పసుపెక్కి పొడి అవుతుంది. అలాంటివాటిని స్కాన్ చేసి, నకలును విద్యార్థికిచ్చి, అసలుకు విశ్రాంతినివ్వడం నిజమైన పరిరక్షణ.

ఆడిటర్ మిత్రులకు నా మనవి ఒకటే. ఎన్ని పుస్తకాలు మిగిలాయో లెక్కపెట్టే ముందు, ఎన్ని చదివారో అడగండి. నేను అడగలేదు.