స్త్రీల పాదాలకు పరుగుబూట్లు ఎప్పుడు వచ్చాయి?



పాతపట్నంలో వేకువనే నడకకు వెళ్లేవారికి ఈ మధ్య ఒక కొత్త దృశ్యం కనిపిస్తోంది. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు సిద్ధమవుతున్న ఆడపిల్లలు జట్లుగా పరుగెడుతున్నారు. వారిలో ఒక అమ్మాయి మోకాలి దిగువన కాలి ముందు ఎముక నొప్పిగా ఉందంటూ తల్లితో కలిసి నా వద్దకు వచ్చింది. ఆమె తొడుక్కున్నవి అన్నగారి బూట్లు. మడమ దగ్గర వదులుగా ఉన్నందున లోపల గుడ్డ కుక్కుకున్నది. కొత్త జత కొనమన్నాను. "అన్న బూట్లు ఇంట్లో ఉండగా మళ్లీ వేరే జతెందుకు బాబూ?" అని తల్లి అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం చరిత్రలో ఉంది.

1966లో బాబీ గిబ్ అనే అమెరికన్ యువతి బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెట్టుకున్నది. అంత దూరం పరుగెత్తే దేహశక్తి స్త్రీలకు లేదంటూ నిర్వాహకులు తిరస్కరించారు. ఆమె ప్రారంభస్థలం వద్ద పొదల్లో దాగి, పోటీదారులు కదలగానే వారిలో కలిసిపోయి, 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని సుమారు 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది. స్త్రీలకు పరుగుబూట్లు దొరకని ఆ రోజుల్లో ఆమె నర్సులు ధరించే బూట్లతో సాధన చేసింది. పోటీ రోజున మగపిల్లల బూట్లు తొడుక్కున్నది. పాదాలు పొక్కులెక్కాయి. అరవై ఏళ్ల నాటి ఆ పొక్కులకూ, మన అమ్మాయి కుక్కుకున్న గుడ్డకూ కారణం ఒక్కటే.

ఈ జాప్యంలో మా వైద్యవృత్తికీ కొంత బాధ్యత ఉన్నదని ఒప్పుకోవాలి. దూరపు పరుగు స్త్రీ దేహానికి, ముఖ్యంగా గర్భాశయానికి చేటని చెప్పిన వైద్యులు లేకపోలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్ల పరుగు తర్వాత అలసి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పోటీని తొలగించి, మళ్లీ 1960లో గాని పెట్టలేదు. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లో చేరింది 1984లో. అదే ఒలింపిక్స్‌లో మన పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో పతకం కోల్పోయింది. పరుగెత్తరాదన్న పాదానికి బూటు ఎవరు కుడతారు?

1970లలో తేలికైన ఇ.వి.ఎ. నురుగు అట్టను బూటు అడుగున అమర్చడం మొదలైంది. 1978లో గాలితిత్తి అమర్చిన బూటు కూడా వచ్చింది. మెత్తదనం వచ్చింది గాని, స్త్రీల జత చాలాకాలం పురుషుల అచ్చునే చిన్నది చేసి, రంగు మార్చి అమ్మినదే. స్త్రీ పాదం చిన్నదైన పురుషపాదం కాదు. పొడవు సమానంగా ఉన్నా వేళ్ల వైపు వెడల్పుతో పోలిస్తే మడమ సన్నగా ఉండడం సాధారణం. గుడ్డ కుక్కవలసి వచ్చింది అందుకే.

ఇక "న్యూట్రల్" అన్న మాట. మడమ నేలను తాకిన తర్వాత పాదం కొద్దిగా లోపలికి ఒరిగి అదురును పంచుకుంటుంది. ఇది రోగం కాదు, ప్రకృతి చేసిన ఏర్పాటు. ఈ ఒరుగు మితంగా ఉంటే న్యూట్రల్ నడక అంటారు. పాత చెప్పుల అడుగు ఒక పక్కకే విపరీతంగా అరగకుండా ఉంటే మీది బహుశా ఆ కోవకే చెందుతుంది. 1980ల నుండి ఒరుగును బట్టి పాదాలను వర్గీకరించి బూట్లు అమ్మడం ఆచారమైంది. అయితే అమెరికా సైన్యంలో పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చి చూడగా గాయాలు చెప్పుకోదగినంత తగ్గలేదు. 2013లో డెన్మార్కులో 900 మందికి పైగా కొత్త పరుగువారికి ఒకే రకం న్యూట్రల్ బూట్లు ఇచ్చి ఏడాది గమనించగా, పాదం కొంత లోపలికి ఒరిగేవారికి గాయాలు ఎక్కువ కాలేదు. 2020లో లక్సెంబర్గ్‌లో 800 మందికి పైగా పరిశీలించగా గట్టి అడుగు కన్నా మెత్తని అడుగు ఉన్న బూట్లతో గాయాలు తగ్గాయి.

కనుక న్యూట్రల్ నడక గల సోదరీమణులు సరిచేసే ఆధారాలున్న ఖరీదైన బూట్ల కోసం వెతకనక్కరలేదు. పాదం కొంత ఉబ్బి ఉండే సాయంకాలం వేళ, పరుగుకు వాడే మేజోళ్లతోనే దుకాణానికి వెళ్లండి. రెండు బూట్లూ తొడిగి నాలుగడుగులు పరుగెత్తండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు. వేళ్లు కదలాలి. తొడిగిన క్షణం నుంచే హాయిగా ఉండాలి, "వాడగా సర్దుకుంటుంది" అన్న మాట నమ్మవద్దు. సుమారు 500 నుండి 800 కిలోమీటర్లకు మెత్తదనం అణగారిపోతుంది.

బూటు ఒక్కటే రక్షించదు. మా చిన్నతనంలో మహేంద్రతనయ ఇసుకలో వట్టికాళ్లతో పరుగెత్తాం. నేటి పిల్లలు సిమెంటు రోడ్డు మీద, ప్రకటన వెలువడగానే ఒక్కసారిగా దూరం పెంచుతున్నారు. వారంవారం కొద్దికొద్దిగా పెంచండి. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి ఉంటే పరుగు ఆపి వైద్యుని చూడండి. అది సన్నని బీట కావచ్చు. నెలసరి ఆగిపోతే తిండి చాలడం లేదని అనుమానించండి. రక్తహీనత పరీక్ష చేయించుకోండి.

ఆ తల్లికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. అన్న పుస్తకాలు చెల్లెలికి పనికొస్తాయి. అన్న బూట్లు పనికిరావు. అమ్మాయి కొంతకాలం విశ్రాంతి తీసుకొని, తన పాదానికి సరిపడిన జతతో మళ్లీ పరుగు మొదలుపెట్టింది. ఆ జత ఖరీదైనది కాదు. కానీ ఆమెది.