గూడెం బడి

జూన్ దగ్గర పడితే మా గూడెంలో ఒకటే మాట. పిల్లను ఎక్కడ వేద్దాం? ఊళ్ళో ఒక్క పంతులు నడిపే బడి ఉంది. పొలిమేర దాటితే ఆశ్రమ పాఠశాల, అక్కడ తిండీ బట్టా సర్కారువే. రోడ్డు దాకా వచ్చే పసుపు బస్సు ఎక్కితే ఇంగ్లీషు మీడియం. మా తాతలకు ఈ తిప్పలు లేవు. వాళ్ళకు ఎంచుకుందామన్నా బడే లేదు.

మేము ఆదిలాబాద్ అడవుల రాజ్‌గోండులం. నిజాం కాలంలో సర్కారు కాగితం ఉర్దూలో వచ్చేది. ఇంట్లో మాది గోండి. రసీదులో ఏం రాశారో తెలియక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కథలు మా పెద్దలు చాలా చెప్పేవారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మా స్థితిగతులు తెలుసుకోమని హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మా నడుమే ఉన్నాడు. 1943లో ఆ ఊళ్ళోనే గోండు పంతుళ్ళకు శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. చెప్పేవాడూ గోండే, చెప్పే మాటా గోండే. అక్కడ చదివినవాళ్ళు పంతుళ్ళతో ఆగలేదు, పట్వారీ పనులకూ గుమాస్తా పనులకూ వెళ్ళారు. కాగితం చదవగలిగినవాడు గూడెంలో ఒక్కడున్నా భూమి నిలుస్తుందని అప్పుడే తెలిసింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడి భాష తెలుగైంది. తెలుగు మాకు శత్రువేం కాదు, ఈ వ్యాసం రాస్తున్నదీ అందులోనే. కానీ ఆరేళ్ళ పిల్ల సంగతి వేరు. గోండిలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగు పంతులు ఏరు అంటే వాగు. పిల్ల దాహమై ‘ఏర్’ అని అడిగితే పంతులు వాగు వైపు చూపించాడని మాలో ఒక నవ్వులాట ఉంది. నవ్వొస్తుంది గానీ, అలా రెండు మూడుసార్లయితే ఆ పిల్ల ఇంక నోరు విప్పదు.

2004లో గోండి, కోయ, కొలామీ, సవర వంటి 8 భాషల్లో ఒకటో తరగతి నుంచి చదువు మొదలుపెట్టారు. మంచి ప్రయత్నమే. ఆ పుస్తకాలు మా బడి బీరువాలో ఇంకా ఉన్నాయి, తీసేవాళ్ళే తగ్గారు. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పటికే ఉన్నవాళ్ళ కొలువులు పోలేదు. వాళ్ళు రిటైరయ్యాక వచ్చే పంతులు ఏ భాషలో పలకరిస్తాడో మరి.

అందుకే బడి చూడడానికి వెళ్తే మేము గోడల రంగు చూడం. పంతులు ఎక్కడివాడు, పిల్లతో ఏ మాట మాట్లాడతాడు, వానాకాలం వాగు పొంగితే వస్తాడా, ఇవి అడుగుతాం. ఆశ్రమ పాఠశాలలు మామూలుగా మూడో తరగతి నుంచి చేర్చుకుంటాయి. అప్పటిదాకా ఇంటి పక్క బడే మేలని మా అభిప్రాయం. హాస్టల్లో రాత్రి జ్వరమొస్తే ఆ వయసు పిల్ల తెలుగులో చెప్పుకోలేదు. బస్సెక్కించేవాళ్ళను తప్పు పట్టలేం, వాళ్ళ భయం వాళ్ళది. పోయినేడు మా బడిలో 11 మంది ఉండేవాళ్ళు, ఇద్దరు బస్సెక్కారు. ఇంకో ఇద్దరు ఎక్కితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారన్న మాట వినిపిస్తోంది. ఆ పక్క ఊరు వాగు అవతల ఉంది. మేము మాత్రం ఈసారి పిల్లను ఇక్కడే వేశాం. అంకెలు ఉందీ, రండ్, మూండ్ అని చెప్పించి, తర్వాత ఒకటీ, రెండూ, మూడూ అనిపిస్తున్నాడు పంతులు.