మాయ మీద మొలిచిన చూపు

మూలకణాల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది 1998 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను ప్రయోగశాలలో పెంచాడు. 2006లో జపాన్‌లో షిన్యా యమనాకా ఎలుక చర్మకణాలను మూలకణాల్లా మార్చాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. సరే, థామ్సన్‌కి పిండాలెక్కడివి? పిల్లల కోసం ఐ.వి.ఎఫ్. చేయించుకున్న దంపతులు తమకి అక్కర్లేక మిగిలినవి ఇచ్చారు. అంటే ఆ పిండాల వెనక ఇంజెక్షన్లు పొడిపించుకుని, అండాలు తీయించుకున్న ఆడవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు గోప్యంగా ఉండటం న్యాయమే. వాళ్ళ శ్రమ కూడా గోప్యమైపోవడమే నాకు మింగుడుపడదు.

ఇంకా పాతదీ, మనకి బాగా దగ్గరిదీ ఒక కథ ఉంది. అది కంటి కథ.

1975లో అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ మనిషి చర్మకణాలను పాత్రలో పెంచే పద్ధతి కనిపెట్టారు. ఆ కణాలకి ఆసరాగా కింద ఎలుక కణాలను పరిచారు. అలా పెంచిన చర్మాన్ని 1980ల్లో ఒళ్ళు కాలినవాళ్ళకి అతికించారు. కంటిలోనూ అలాంటి కణాలున్నాయని ఆ దశాబ్దంలోనే తేలింది. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే సన్నటి అంచుని లింబస్ అంటారు. కార్నియా పైపొరని బతికున్నంత కాలం కొత్తగా నింపే మూలకణాలు అక్కడే ఉంటాయి. యాసిడో సున్నమో పడి ఆ అంచు మాడిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. చూపు మూసుకుపోతుంది. ఎవరో దానం చేసిన కార్నియా తెచ్చి పెట్టినా నిలవదు.

1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి, ఇద్దరు రోగుల మంచి కంటి నుంచి కొన్ని కణాలు తీసి, పెంచి, పాడైన కంటికి అతికించింది. 2000లో తైవాన్ డాక్టర్లు ఆ కణాలను పెంచడానికి వేరే పరుపు వాడారు. అది కాన్పులో బయటపడే ఉమ్మనీటి సంచి లోపలి పొర. మన మాటల్లో చెప్పాలంటే మాయతో పాటు వచ్చే పొర.

2001 నుంచి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఆ దారినే నడిచింది. కంటి సర్జన్ వీరేందర్ సంగ్వాన్, పాథాలజిస్టు గీతా వేముగంటి ఈ పనిలో ముఖ్యులు. రోగి మంచి కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. శుభ్రం చేసిన ఉమ్మనీటి పొర మీద దాన్ని ఉంచి, రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరంతో పోషిస్తారు. ఎలుక కణాల అవసరమే లేదు. రెండు వారాల్లోపే కణాలు పొర నిండా పరుచుకుంటాయి. పొరతో సహా వాటిని పాడైన కంటికి అతికిస్తారు. పదేళ్ళలో ఇలా చికిత్స పొందిన 200 మంది ఫలితాలను 2011లో ప్రచురించారు. 71 శాతం మందిలో కంటి పైపొర నిలబడింది.

ఆ పొర గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. మా ఊళ్ళో మంత్రసాని మాయని పాత కుండలో పెట్టి పెరట్లో లోతుగా పాతేది. బిడ్డ బయటికొచ్చాక "మాయ పడిందా?" అని అందరూ ఊపిరి బిగపట్టి అడిగేవాళ్ళు. అది పడకపోతే తల్లి ప్రాణం పోతుంది. పడ్డాక మాత్రం అది మైల. దాన్ని ముట్టుకునే ఆడమనిషికీ మైలే. ఆసుపత్రుల్లో అది చెత్తబుట్టలోకి పోయే వ్యర్థం అయింది. ఆ వ్యర్థమే ఇప్పుడు కంటికి పరుపు. ముందే నిర్ణయించిన సిజేరియన్లలో, హెచ్.ఐ.వి., హెపటైటిస్, సిఫిలిస్ లేవని తల్లి రక్తం పరీక్షించాకే దాన్ని తీసుకుంటారు. ఆ పొర బిడ్డ వైపు కణాలతోనే తయారవుతుంది, నిజమే. తొమ్మిది నెలలు మోసింది తల్లి. పరీక్షకి రక్తం ఇచ్చిందీ తల్లే.

2012లో సంగ్వాన్ బృందం ఇంకో అడుగు వేసింది. ఆ చిన్న ముక్కని ఇంకా చిన్న ముక్కలుగా కోసి, ఆపరేషన్ బల్ల మీదే కంటికి అతికించిన ఉమ్మనీటి పొర మీద అమర్చారు. కణాలు కంటి మీదే పెరిగాయి. ఖరీదైన ప్రయోగశాల లేని ఊళ్ళకి ఇది పెద్ద ఊరట. గమనించండి: ప్రయోగశాల లేకుండా పని జరిగింది. మాయ పొర లేకుండా జరగలేదు.

కాబట్టే అడగాలి, ఇచ్చారా, తీసుకున్నారా అని. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి ఆమెకి చెప్పకుండా తీసిన క్యాన్సర్ కణాలు ప్రపంచమంతా పెరిగాయి. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్, క్లోనింగ్‌తో మూలకణాలు సాధించానని చెప్పుకోవడానికి రెండు వేలకు పైగా అండాలు వాడాడు. అండాలిచ్చిన వాళ్ళలో అతని ల్యాబులోనే పనిచేసే జూనియర్ పరిశోధకురాళ్ళు ఉన్నారు. పై అధికారికి 'వద్దు' అనగలిగే ఉద్యోగి ఎంతమంది? 2006లో ఆ పరిశోధన అబద్ధమని తేలి, పత్రాలను వెనక్కి తీసుకున్నారు. అండాలను వెనక్కి ఇవ్వలేదు కదా.

మాయ విషయంలో తల్లికి అదనంగా నొప్పి లేదు, ప్రమాదం లేదు. అందుకే అడగడం సులువు, అడగకపోవడం కూడా సులువే. ఆపరేషన్ బల్ల ఎక్కబోయే ముందు చేతిలో పెట్టిన కాగితాలను ఎవరు చదువుతారు? నేనూ సంతకం పెట్టాను, మా చెల్లీ పెట్టింది. ఏ కాగితం దేనికో మాకెవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఈ చికిత్స బాగా పనిచేయాలంటే ఒక కన్నయినా మంచిదై ఉండాలి. ఖైనీ సున్నం ప్యాకెట్ చిట్లి ఒక కన్ను పోయిన పిల్లవాడికి ఇంకో కన్ను మిగలొచ్చు. ప్రేమని కాదన్నందుకు మొహం మీద యాసిడ్ పోయించుకున్న అమ్మాయికి చాలాసార్లు రెండూ పోతాయి. అప్పుడు దగ్గరి బంధువు కంటి నుంచి కణాలు తేవాలి. శరీరం వాటిని తోసెయ్యకుండా మందులు వాడుతూ ఉండాలి. వరంగల్‌లో 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, ఒకమ్మాయి చనిపోయింది. యాసిడ్ అమ్మకాల మీద సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టడానికి 2013 దాకా పట్టింది. కణాలు పెంచడం నేర్చుకున్నంత శ్రద్ధగా సీసాని ఆపడం మనం నేర్చుకోలేదు.

నేను విజ్ఞానానికి వ్యతిరేకిని కాను. ఒక ఆడమనిషి మాయ పొర మీద ఇంకో ఆడమనిషి చూపు మొలిచిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ఇచ్చిన ఆమెకి మాత్రం ఆ సంగతి తెలియాలి. "అమ్మా, నీ మాయ పొరని ఒకరి కంటికి వాడుకోవచ్చా?" అని తెలుగులో, తీరిగ్గా, కాన్పుకి ముందే ఎవరో ఒకరు అడగాలి. ఆమె వద్దంటే ఆ మాట చెల్లాలి.