అంకుడు చెట్టు, లక్క, తరిమెన: మన ఏటికొప్పాక పనితనం కథ

పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

యలమంచిలి మండలంలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక అంటే చెరకు వేసే మనకి ముందు గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. 1933లోనే సహకార పద్ధతిలో పెట్టుకున్న ఫ్యాక్టరీ అది. బయటి జనానికి మాత్రం ఆ ఊరంటే లక్కపిడతలు. ఆడపిల్లలు ఆడుకునే చిన్న చిన్న గిన్నెలు, కుండలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు. తరతరాలుగా ఇళ్లలో, వాకిళ్లలో కూర్చుని చేస్తున్న పని.

కొండపల్లి బొమ్మకీ దీనికీ తేడా చాలామందికి తెలీదు. కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్రని ఉలితో చెక్కి, ముక్కలు అతికించి రంగు వేస్తారు. ఏటికొప్పాకలో కర్రే తిరుగుతుంది, ఉలి నిలబడుతుంది. ఆ తిప్పే సాధనమే తరిమెన, ఇప్పుడు అందరూ లేత్ మిషను అంటున్నారు. కరెంటు మోటారు రాకముందు ఇరుసుకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగితే, ఇంకొకరు ఉలి పట్టేవారు. కర్ర ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిరుగుతుంది. ముందుకి తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగినప్పుడు చెయ్యి తేల్చేయాలి. ఇద్దరి ఊపూ కలవకపోతే ముక్క పాడే.

రంగు వేసే తీరు ఇంకా చిత్రంగా ఉంటుంది. కుంచె లేదు, డబ్బా లేదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఒత్తి పట్టుకుంటారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రంతా పాకుతుంది. తర్వాత ఎండిన మొగలి ఆకు ఒత్తితే అద్దంలా నునుపు తేలుతుంది. లక్క కూడా ఒక పురుగు చేసే బంకే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పెడుతుంది.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ మధ్య ఫోన్లలో జపాన్ వడ్రంగులు ఉల్లిపొర కన్నా పల్చటి చెక్కపొర తీసే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. వాళ్ల చేతిలో ఉన్నది మన చిత్రికే, వాళ్లు ‘కన్న’ అంటారు. మన వడ్రంగి చిత్రికని ముందుకి తోస్తాడు, వాళ్లు తమవైపుకి లాగుతారు. మన చిత్రికలో ఇనుప పలకని చెక్క చీలతో బిగిస్తాం. వాళ్ల పలకే పైన లావు, కింద పల్చగా ఉండి, దిమ్మెలోని గాడిలో తనంతట తనే బిగుస్తుంది. సుత్తితో చిన్నగా తట్టి లోతు సర్దుకుంటారు. మెత్తటి ఇనుము మీద గట్టి ఉక్కు అతికించి పలక చేస్తారు. దిమ్మె చిత్రిక అక్కడ వాడకంలోకి వచ్చింది 15, 16 శతాబ్దాల్లోనే. అంతకుముందు బల్లెం లాంటి కత్తితో గీకేవారు. నాకు నచ్చింది ఏంటంటే, పలక కమ్మరి చేసినా, దాన్ని దిమ్మెకి సరిగ్గా కూర్చుకునే పని వడ్రంగిదే. ఆ దిమ్మెకి వాడే సింధూర జాతి కర్రని ఏళ్ల తరబడి ఆరబెడతారు. పనిముట్టు ఎంత గొప్పదైనా మొదలు చెట్టు దగ్గరే. ఏటికొప్పాక కథ కూడా చివరికి అక్కడికే వస్తుంది.

20వ శతాబ్దంలో రసాయన రంగులు చవగ్గా దొరికాయి. పాత ఆకు రంగులు, గింజ రంగులు మూలపడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకి ఆ రంగులు మంచివి కావు, బయటి దేశాల వాళ్లు కొనరు. 1990ల నుంచి ఆ ఊరి సి.వి. రాజు గారు సహజ రంగుల మీద పట్టుబట్టారు. పసుపుతో పచ్చన, జాఫ్రా గింజలతో నారింజ, నీలిమందుతో నీలం. నీళ్లలో కలిసే రంగుని లక్కలో కలిసేలా చెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. రంగులంటే మన బెల్లానికీ పాత చుట్టరికమే: శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు, తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిందే.

2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈ ఊరి గురించి మాట్లాడారు. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలతోనే వెళ్లి మూడో బహుమతి తెచ్చింది. అన్నీ సంతోషమే. నా లెక్కలో వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. 2021 జనవరి నుంచి బొమ్మలన్నిటికీ ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. లేబొరేటరీ పరీక్షల ఖర్చు ఇంట్లో కూర్చుని గిన్నెలు తిప్పే మనిషి ఎక్కడ పెట్టగలడు? నమోదైన హస్తకళాకారులకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు కాబట్టి బతికిపోయారు.

రంగు నిలబడింది, పేరు నిలబడింది. మిగిలింది కర్ర. ఈ పనికి అంకుడు కర్రే కావాలి. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది, ఉలికి చీలదు. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకీ ఇదే చెట్టు. దగ్గరి కొండల్లో దొరికేది కాస్తా కొట్టుకుంటూ పోవడమే గానీ తిరిగి నాటింది తక్కువ. అందుకే కర్ర కోసం దూరం పోవాల్సి వస్తోంది.

మన గట్ల మీద నీలగిరి, సుబాబుల్ పెట్టిన చోట నాలుగు అంకుడు మొక్కలు పెడితే ఏం పోతుంది? పెద్ద చెట్టు కాదు, పంటకి నీడ బెడద తక్కువ. కొట్టిన మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది. పంటలా రెండు మూడేళ్లలో డబ్బు రాదు, అది నిజం. కొమ్మ బొమ్మ పనికొచ్చే లావు కావాలంటే ఓపిక పట్టాలి. నాటేముందు ఏటికొప్పాక వెళ్లి, ఎంత లావు కర్ర కొంటారో, ఏ ధరకి కొంటారో కళాకారుల్నే అడిగి చూసుకోండి.

చెట్టుని గుర్తుపట్టడం తేలికే. ఆకు తుంపితే పాలు కారతాయి. ఎండాకాలం తెల్లటి పూలు పూస్తుంది. కాయలు సన్నగా, పొడుగ్గా, జంటలుగా వేలాడతాయి, రెండు కాయల కొసలూ కలిసే ఉంటాయి. ఎండి పగిలితే లోపలి గింజలు పట్టులాంటి దూదితో గాలికి ఎగిరిపోతాయి. అందుకని విత్తనం కావాలంటే కాయ పగలకముందే కోసి, గుడ్డ సంచిలో కట్టి ఎండబెట్టాలి.