పోలింగు కేంద్రపు గడప

భద్రాచలము చెంత గోదావరి ఒకనాడు రెండు రాష్ట్రముల పొలిమేరగా నుండెను. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో ఒక గట్టున బూర్గంపహాడు హైదరాబాదు రాష్ట్రమునందును, ఎదుటి గట్టున భద్రాచలము మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరి జిల్లాయందును ఉండెను. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు దానిలో చేరెను. పాలనలు వేరైనను నాడు ఓటు పద్ధతి ఇరుగట్లను ఒక్కటే. అభ్యర్థి కొక పెట్టె, దానిపై అతని గుర్తు. ఓటరు తెరచాటున ఒంటిగా నిలిచి నచ్చిన పెట్టెలో చీటి వేసెడివాడు. పిమ్మట ముద్ర వచ్చెను, యంత్రము వచ్చెను. తెరచాటు మాత్రము తొలగలేదు.

ఆ తెరను కాపాడునది గడప నిబంధన. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలలో 32వది దీనిని విధించెను. యంత్రము వచ్చిన పిమ్మట 49-డి నిబంధనయు అదియే చెప్పుచున్నది. ఒక్కమారు ఎందరు ఓటర్లు లోనికి రావలెనో ప్రిసైడింగు అధికారి నిర్ణయించును. ఓటర్లుగాక లోపల ఉండదగినవారు పోలింగు సిబ్బంది, ఎన్నికల విధిలోని ఉద్యోగులు, ఎన్నికల సంఘము అనుమతించినవారు, అభ్యర్థులు, వారి ఎన్నికల ఏజెంట్లు, అభ్యర్థి కొక్కడు చొప్పున పోలింగు ఏజెంటు. మంత్రియైనను పదవిని జూపి లోనికి రారాదు. పోలీసులు సైతము సాధారణముగా వాకిట నుండి, అధికారి పిలిచినపుడే రావలెను.

ఈ కట్టుబాటులో కరుణయు గలదు. తల్లి చంకలోని బిడ్డకు అడ్డులేదు. చూపులేనివారికి, నడువలేనివారికి తోడు వచ్చినవారిని రానిత్తురు. తానై ఓటు వేయలేని అంధునకు, అశక్తునకు 18 ఏండ్లు నిండిన తోడు తెరచాటునకును పోవచ్చును. కాని ఆ తోడు ఆ దినమున మరియొకరికి తోడు కారాదు. రహస్యము వెల్లడింపనని వ్రాసి యీయవలెను. చదువురామి మాత్రము తోడునకు కారణము కాదు. గుర్తు పోల్చగల కోయ ముదుసలి తన ఓటు తానే వేయును.

ఇక కరణము మాట. ఊరిలో ఎల్లర నెరిగినవాడు కనుక ఓటరును గుర్తుపట్టుటకు గ్రామోద్యోగిని నియోగింపవచ్చును. అయినను అతడు వాకిటనే యుండి, అవసరమైనపుడు మాత్రమే లోనికి రావలెను. శిస్తు లెక్కయు, పట్టా కాగితమును ఎవని చేతిలో నుండునో, వాని చూపు సోకినచోట పేదవాని చేయి వణకును. దొరల మాటయు, పటేలు పట్వారీల మాటయు శాసనమై చెల్లిన సీమలో ఈ నియమము విలువ చెప్పనలవికాదు. 1984లో ఆ కొలువులు రద్దయ్యెను. పెద్దరికము మాత్రము వేషము మార్చుకొని నిలుచుచునే యుండును.

కావున అర్హత లేనివాడు లోపల కనబడినచో ఓటరు జంకక ప్రిసైడింగు అధికారికి తెలుపవలెను. వానిని వెలుపలికి పంపు అధికారము ఆయనకు గలదు. గడప కట్టుదిట్టముగా నున్నపుడే తెరచాటున నిలిచిన నిరుపేదయు స్వతంత్రుడగును.