జాగా కొలిచి చూడండి

2010 ఫిబ్రవరి. సెసిల్ బి. మూర్ స్టేషన్ మెట్లెక్కి నార్త్ ఫిలడెల్ఫియాలో బయటపడ్డాం. ఈ నెల మంచు దంచి కొట్టింది. కాలిబాట వార మోకాలెత్తు గుట్టలు, నల్లబడి గట్టిపడ్డాయి. బ్రాడ్ స్ట్రీట్ వదిలి పడమటి సందుల్లోకి పదండి.

అతికినట్టున్న ఇటుక ఇళ్ల వరసల్లో పళ్లూడినట్టు ఖాళీలు. ఇన్ని జాగాలుండగా సరుకుల కొట్టుకు చోటు లేకపోవడమేమిటి? అడుగులేసి కొలవండి. ఒక్కో జాగా వెడల్పు పదిహేను, పదహారు అడుగులు. పెద్ద సూపర్‌మార్కెట్‌కు నలభై వేల చదరపు అడుగులు కావాలి, పార్కింగు వేరే. డజన్లకొద్దీ జాగాలు కలపాలి. ఒకదానికి పన్ను బకాయి, ఇంకోదానికి వారసులెవరో తెలీదు. అన్నీ కుదిరినా, 53 అడుగుల ట్రెయిలరు ఈ మలుపు తిరగొద్దూ? అటూ ఇటూ కార్లు, వాటి పక్కన మంచు. చిన్న వ్యానే వెనక్కీ ముందుకీ ఆడుతోంది.

మూలమీద ‘పాపీ స్టోర్’, వీధి మూల చిన్న కొట్టుకు ఇక్కడి పేరు. చిప్సు, సోడా, సిగరెట్లు. కింది అరలో నాలుగు ఉల్లిపాయలు, నల్లమచ్చల అరటిపళ్లు. నిరుడు అమెరికా వ్యవసాయ శాఖ తన నివేదికలో సూపర్‌మార్కెట్ మైలు దాటితే దూరమంది. రెండు చేతులా సంచులతో ఈ మంచులో నడిచేవాళ్లకు అరమైలు చాలదూ!

మళ్లీ బ్రాడ్ స్ట్రీట్. ఇదే ప్రోగ్రెస్ ప్లాజా. 1962లో జయాన్ బాప్టిస్టు చర్చి పాస్టర్ లియాన్ సలివాన్ తన సంఘస్తులను నెలకు 10 డాలర్ల చొప్పున 36 నెలలు కట్టమన్నారు. ఆ ప్రయత్నమే 1968కి ఈ ప్లాజా అయింది. తొంభైల చివర ఇక్కడి సూపర్‌మార్కెట్ మూతపడితే, పదేళ్లపాటు ఇంకో కంపెనీ రాలేదు. ప్లాజా ఆ డబ్బు కట్టినవాళ్లది కాబట్టి నిలిచింది; బయటి యజమానైతే ఈలోగా ఎవరికో ఒకరికి అంటగట్టి చేతులు దులుపుకునేవాడని నా అనుమానం. 2004లో రాష్ట్రం మొదలెట్టిన తాజా ఆహార నిధి సాయంతో మొన్న డిసెంబరులో ఫ్రెష్ గ్రోసర్ తెరిచారు: 46,000 చదరపు అడుగులు. ఈ నెల్లోనే మిషెల్ ఒబామా వచ్చి చూసి వెళ్లారు.

లోపల ఆకుకూరల మీద నీటి తుంపర. బిల్లు కట్టే వరసలో పక్కనున్న టెంపుల్ యూనివర్సిటీ కుర్రాడు, వాడి వెనక బండి నిండా సరుకులతో పెద్దావిడ. నూటికి ఒకటి రెండు డాలర్లు మిగిలే వ్యాపారమిది, ఈ ఇద్దరూ రావాలి. వెనక సందుల్లో జాగా ఎంత చవగ్గా దొరికినా, ఆ కుర్రాడు అక్కడిదాకా వెళ్లడు.